గిటారు పొట్టలో చీటీ

మాచర్లలో మౌలాలీ బాగుచేసిన ప్రతి గిటారు పొట్టలోనూ ఒక చీటీ ఉంటుంది. గుండ్రటి రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే లోపల వెనక చెక్కకి అంటుకుని కనబడుతుంది. బడి నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం. దాని మీద బాల్‌పెన్నుతో వంకర అక్షరాలు: "ఈ అతుకు నాది. లేస్తే నా దగ్గరికే తేండి. మౌలాలీ, స్టేషన్ రోడ్డు." కింద తేదీ. ఎప్పటిదాకా అన్నది మాత్రం ఉండదు.

ఆ లేని గడువు గురించే నేను ఆయనతో రెండేళ్ళు పోట్లాడాను.

నేను పనిచేసే షాపు ఆయన కొట్టుకి ఎదురుగానే ఉంది. సెల్‌ఫోన్ కవర్లు, స్పీకర్లు, కీబోర్డులు, గిటార్లు అమ్ముతాం. నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా పాతపేపర్ల కొట్లో తూకానికి తెచ్చుకున్న పుస్తకాల్లోనే. అందుకని షాపులో ఇంగ్లీషు కాగితాలు చదివే పని నాకు పడింది. ఎవరన్నా పగిలిన గిటారు పట్టుకొస్తే వారంటీ కార్డు తీసి, అది వాళ్ళకి ఎందుకు వర్తించదో మర్యాదగా చెప్పాలి. ఈ పనిలో నేను గట్టివాణ్ణని మా ఓనరు అంటాడు. మనిషికి చదువు దేనికి పనికొస్తుందో అప్పుడు నాకు తెలిసింది.

వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మాచర్ల కళ్ళు తెరిచే నిద్రపోతుంది. రోడ్డు తెల్లగా మండుతుంది. కుక్కలు ఆగి ఉన్న లారీల కింద చేరతాయి. ఆ వేళల్లో బేరాలు ఉండవు, నేను రోడ్డు దాటి మౌలాలీ కొట్లోకి పోయి కూర్చునేవాణ్ణి. రేకుల కప్పు, ముందు తడిపిన గోనెపట్టా పరదా. లోపల తడి గోనె వాసన, రంపపు పొట్టు వాసన, సరేసు ఉడికే వాసన. సరేసంటే తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి చేసే పాతకాలపు వడ్రంగి బంక. డబ్బాల్లో దొరికే తెల్లబంక ఆయన వాడడు. "అది పట్టుకుంటే వదలదురా. మళ్ళీ విప్పే పని పడుద్దని తెలిసి అతికించాలి. సరేసైతే కాస్త వేడి చూపిస్తే వదిలేసిద్ది," అంటాడు.

ఒక మధ్యాహ్నం నవారు మంచం మీద పడుకుని, "చదవరా పేపరోడా, మీ కంపెనీ ఏమంటదో విందాం," అన్నాడు. నన్ను అట్లాగే పిలుస్తాడు.

చదివాను. ఎండకి వచ్చే పగులు, తేమకి వచ్చే ఉబ్బు, చలి, దారిలో తగిలే దెబ్బ, తీగల బిగువుకి వంగడం, వాడకంలో అరగడం, కంపెనీ మనిషి కాక ఇంకెవరన్నా చెయ్యి పెట్టడం. వీటికి వారంటీ లేదు.

ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు. "ఇయ్యన్నీ తీసేస్తే గిటారు ఇంక దేనికి చెడుద్దిరా?"

"చెడదు బాబాయ్. అందుకే ధైర్యంగా ఏడాది వారంటీ ఇచ్చారు."

"మరి పల్నాడులో ఎండ తీసేస్తే మిగిలేది ఏంది?"

"మనమే."

"మనం గూడా మిగలం," అని మంచం ఊగేలా నవ్వాడు.

"సరే, నువ్వయితే కార్డు మీద ఏం రాస్తావు?" అన్నాను, ఇరికిద్దామని.

నిద్రపోయాడనుకున్నాను. తర్వాత నిద్రలోంచి వచ్చినట్టే ఆయన గొంతు వచ్చింది. "ఎండలో పెట్టినోడిది ఎండ. పచ్చికొయ్యని ఆరనీకుండా కోసినోడిది మెడ వంకర. తీగ తెగితే అది ఎవురిదీ కాదు, తీగంటేనే తెగేది. అతుకు మాత్రం అతికినోడిది. ఎవురిది వాళ్ళు ఒప్పుకుంటే కార్డెందుకు?"

ఒప్పుకునేవాళ్ళే ఉంటే కోర్టులెందుకు, నా ఉద్యోగమెందుకు అనుకున్నాను. పైకి మాత్రం, "ఎంతకాలం?" అన్నాను.

"ఏంది ఎంతకాలం?"

"అతుకు నీదే, ఒప్పుకున్నా. ఎంతకాలం నీది? ఏడాదా, పదేళ్ళా? గడువు రాయకపోతే అది గ్యారంటీ కాదు బాబాయ్, పిచ్చి."

లోపలి గది గుమ్మంలో బియ్యం ఏరుతున్న షకీలా పిన్ని తలెత్తి, "గడ్డి పెట్టరా అబ్బాయ్, ఇరవై ఏళ్ళ నించీ నేను చెబుతున్నా," అంది. ఆమె మౌలాలీ భార్య. ఆయన మీద ఫిర్యాదు చేసే అవకాశం ఎప్పుడూ వదులుకోదు.

మౌలాలీకి అరవై దాటాయి. పుట్టింది దాచేపల్లిలో. తండ్రి లారీలకి చెక్కతొట్లు కట్టేవాడు. సున్నపురాయి మోసే లారీలు, సిమెంటు మోసే లారీలు. చిన్నప్పుడు మౌలాలీ పని పలకల మీద సుత్తితో తట్టి వినడం. గట్టి పలక ఒకలా పలుకుతుంది, లోపల పుచ్చిపోయింది ఇంకోలా. "మా నాయన నాకు అక్షరాలు నేర్పలా, చప్పుళ్ళు నేర్పాడు," అంటాడు. తెలుగు అక్షరాలు ఆయన తర్వాత ఎప్పుడో లారీల వెనక రాసిన మాటలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. అందుకేనేమో చీటీ మీద ఆయన రాతలో ప్రతి అక్షరమూ బరువెక్కిన లారీలాగా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది.

కొన్నాళ్ళకి లారీలకి ఇనప తొట్లు వచ్చాయి. ఇనుముతో చెవికి పనిలేదు. ఆయన మాచర్ల వచ్చి తలుపులూ మంచాలూ చేసుకుంటూ ఉండగా, ఒకరోజు చర్చి పాస్టరుగారు మెడ విరిగిన గిటారుని దుప్పట్లో చుట్టి, జ్వరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చారట. అప్పటికి మౌలాలీ గిటారుని దగ్గర్నించి చూసి ఎరగడు. లోపల ఏముందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదని, షకీలా చేతి అద్దం తీసుకుని రంధ్రంలోంచి లోపలికి దించాడు. టార్చి వేశాడు.

లోపల ఇల్లుంది.

ఆ మాట ఆయన ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతాడు. సన్నటి వాసాలు, అడ్డదూలాలు, గుండ్రటి కిటికీ, ఆ కిటికీలోంచి నేల మీద పడ్డ వెలుగు. వంగిన గోడలు. ఎవరో చాలా ఓపికగా కట్టి, తలుపు పెట్టడం మరిచిపోయిన ఇల్లు. ఆ రాత్రి నించీ ఆయన కలల్లో ఆ ఇంట్లో తిరుగుతూనే ఉన్నాడు. పైన ఎవరో తీగ మీటితే గోడలన్నీ తేనెటీగల పట్టులాగా సన్నగా వణుకుతాయట. లోపల ఎప్పుడూ ఎవరూ కనబడరు. కానీ ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుందట.

"ఆ ఇల్లు బాగానే ఉంది," అంటుంది షకీలా పిన్ని. "నా అద్దం మాత్రం తిరిగి రాలా. ఇరవై రెండేళ్ళయింది. సుర్మా కంట్లో పెట్టుకుంటన్నానో ముక్కులో పెట్టుకుంటన్నానో నాకే తెలవదు."

విచిత్రం ఏమిటంటే ఆయనకి ఒక్క పాట కూడా వాయించడం రాదు. బాగుచేశాక ఆరు తీగల్నీ ఒక్కొక్కటే మీటి, చెవి ఆనించి, శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా వింటాడు. అంతే. మేం షాపులో కస్టమర్ల ముందు వాయించే ముక్కలకన్నా ఆ ఆరిపోవడమే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపించింది. ఆయనకి చెప్పలేదు.

పోయిన మే నెలలో జోసెఫ్ వచ్చాడు.

జోసెఫ్‌ది కారంపూడి రోడ్డులో ఒక ఊరు. అక్కడి చర్చిలో ముప్ఫై ఏళ్ళుగా గిటారు వాయిస్తున్నాడు. పగలు మిరపకాయల కోల్డ్‌స్టోరేజీలో మేస్త్రి. వెంట కూతురు షెర్లీ ఉంది, నరసరావుపేటలో డిగ్రీ చదువుతుంది. ఆ అమ్మాయి మొహం చూస్తేనే తెలిసిపోయింది, తండ్రితో దారంతా గొడవపడుతూ వచ్చిందని. నేను మంచం చివర కూర్చుని ఉన్నాను.

జోసెఫ్ సంచిలోంచి గిటారు తీసి చాప మీద పెట్టాడు. తీగలు వచ్చి ఆగే నల్లకొయ్య పట్టీ ఉంటుంది, బ్రిడ్జి అంటారు. అది ఒక పక్క నోరు తెరిచింది. ఆరు తీగలూ కలిసి లాగే బలం ఒక మనిషి బరువంత ఉంటుందని ఎక్కడో చదివాను. ఆ బరువంతా ఆ పట్టీ మీదే. చెక్క మీది పాలిష్ కూడా సాలెగూడులాగా సన్నటి పగుళ్ళు తీసి ఉంది.

"గుర్తుందా అన్నా, పదకొండేళ్ళయింది," అన్నాడు జోసెఫ్. "క్యారల్స్ రోజు. ఇదే బ్రిడ్జి ఊడొచ్చింది. నువ్వు అతికావు. నాలుగింటి బస్సు నీ కొట్టు ముందర ఆపించి, నువ్వు పని అయిందనేదాకా డ్రైవరు చేత హారన్ కొట్టిస్తానే ఉన్నా. జనం కిటికీల్లోంచి తిట్లు. నేను ఎక్కంగానే కండక్టరు 'ఏందయ్యా, పెళ్ళికూతుర్ని తెచ్చావా?' అన్నాడు." తనే నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో ఆ కథ ప్రతి క్రిస్మస్‌కీ చెప్పుకుంటారని తర్వాత షెర్లీ చెప్పింది.

మౌలాలీ గిటారు మీద వంగాడు. టార్చి వేశాడు. చీటీ ఉంది. రంధ్రం దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చాడు. మరుక్షణం ఆగకుండా అయిదు తుమ్ములు తుమ్మాడు.

"ఏంది జోసెఫూ, గిటారుకి ఊరగాయ పెట్టావా?"

జోసెఫ్ తల దించుకున్నాడు. షెర్లీయే చెప్పింది. "మార్చి నించీ మిర్చి టిక్కీల మధ్యలో, ఆ బస్తాల సందున పెట్టాడు బాబాయ్. కోల్డ్‌స్టోరేజీలో. ఇంట్లో రేకుల కింద ఎండకి పగిలిపోద్దంట, అక్కడైతే చల్లగా ఉండిద్దంట. మమ్మల్ని మాత్రం రేకుల కిందే ఉంచాడు."

"మంచి చెయ్యబోయా అన్నా," అన్నాడు జోసెఫ్. "రెండు నెలలు చల్లగా బానే ఉంది. ఈస్టర్‌కి ఒకసారి, మొన్న ఆదివారం ఒకసారి బయటికి తెచ్చా. మొన్న తెచ్చినప్పుడు, గేటు దాటి ఎండలోకి రాంగానే టప్‌మని చప్పుడు. తప్పు నాదే. నీ చీటీకి దీంతో సంబంధం లేదు. ఏదో నువ్వు చూసి పెడతావని తెచ్చా."

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ రోజూ నా నోటితో చెప్పే అబద్ధాలు ఎదుటివాడి నోట కూడా వినాలని నాకొక దాహం ఉంది. ఈ మనిషి కూడా అందరిలాంటివాడేనని తేలితే నాకు హాయిగా నిద్రపడుతుందనుకున్నాను.

"ఇంకేం బాబాయ్, కస్టమరే వచ్చి తప్పు నాదన్నాడు. మా కంపెనీకి గూడా ఇంత అదృష్టం పట్టలా. చలికి వర్తించదు అని రాసెయ్. ఇంక నీ చీటీకీ మా కార్డుకీ తేడా ఏంది?"

మౌలాలీ నా వైపు చూశాడు. కోపం లేదు. ఎక్కణ్ణించో నడిచి వస్తున్నవాడిలాగా నెమ్మదిగా మాట్లాడాడు.

"విప్పి చూస్తా. బంక పట్టిన చోట లాగితే కొయ్యే చిరిగి పీచు లేచిద్ది. అది చలి పని. బంక పట్టని చోట నున్నగా మెరుస్తా ఉండిద్ది. అది నా పని. నా పనే అని తేలితే ఇంక గిటారు ముట్టను. తలుపులు చేసుకుని బతుకుతా."

"ఎవురడిగారు ఆ మాట?" అంది షకీలా పిన్ని గుమ్మంలోంచి. "అరే, ఎవురన్నా అడిగారా ఈయన్ని?"

"అంత మాటెందుకు బాబాయ్," అంది షెర్లీ.

ఆయన అప్పటికే తీగలు సడలిస్తున్నాడు. ఒక్కొక్క తీగా మూలుగుతూ కిందికి దిగింది. మా అందరికీ తెలుసు, మౌలాలీ అన్న మాట వెనక్కి తీసుకోడని. మాచర్లలో తలుపులు చేసేవాళ్ళు యాభైమంది ఉన్నారు. ఆ ఇంట్లోకి అద్దం దించి చూసేవాడు ఒక్కడే.

మర్నాడు షాపు తెరవకముందే నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దుటి ఎండ ఇంకా పసుపుగా, మెత్తగా ఉంది. స్టేషన్‌లో బండి కూతపెట్టింది. ఆయన బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడిచేసి, బ్రిడ్జి మీద తడిగుడ్డ వేసి, దాని మీద పెట్టెని ఆనించి తీస్తున్నాడు. ఆవిరి లేస్తోంది. ఆవిరితో పాటు, రెండు నెలలు కొయ్యలోకి దిగిన మిరపఘాటు కూడా లేచింది. ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. ఆయన తుడుచుకోలేదు. పల్చగా అరగదీసిన రంపపు బ్లేడుని అతుకులోకి తోస్తూ, ఆగుతూ, చెవి ఆనించి వింటూ, మళ్ళీ తోస్తూ గంటసేపు చేశాడు. ఆ గంటలో నాకు ఈ ఊరూ, షాపూ, నేనూ అన్నీ ఆ ఆవిరిలో కరిగిపోయినట్టయింది. ఎవరో ఇంటి పైకప్పుని ఇంట్లోవాళ్ళకి తెలియకుండా లేపుతున్నట్టుంది.

బ్రిడ్జి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

తిప్పి చూశాడు. మూడు వంతులు పీచు. చెక్క చిరిగి, కుక్కపిల్ల ఒంటి మీది వెంట్రుకల్లాగా లేచి ఉంది. బంక వదల్లేదు, కొయ్యే ఓడిపోయింది. నేను ఊపిరి వదిలాను. అంతలో ఆయన బొటనవేలు ఒక మూల దగ్గర ఆగింది. బొటనవేలు మందాన ఒక చోట నున్నగా, నీళ్ళపొరలాగా మెరుస్తోంది. కింద గిటారు చెక్క మీదా సరిగ్గా అదే మూల అదే మెరుపు. పాలిష్. పదకొండేళ్ళ కిందట పాత పాలిష్ గీకి, ఒట్టి కొయ్య తేల్చి బంక పెట్టాల్సింది. ఆ మూల గీకలేదు. పాలిష్ మీద బంక పట్టదు. అక్కడ మొదలైన సందు చలికీ వేడికీ పెరిగి పెరిగి నోరు తెరిచింది.

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

నిన్నటి నా దాహం ఎటు పోయిందో తెలియదు. "ఇంత ముక్కే గదా బాబాయ్," అన్నాను. "చలి ఎంత లేపిందో నీ చెయ్యి ఎంత లేపిందో ఎవురు కనిపెడతారు? ఉలితో ఒక్క గీకు గీకేయ్. అందరూ వచ్చేలోపల."

"నువ్వు చూశావుగా."

"నేను ఎవురికీ చెప్పను. ఒట్టు."

"నేను గూడా చూశా గదరా," అన్నాడు.

మా షాపులో రోజూ చూసీ చూడనట్టుండడానికే నాకు జీతం ఇస్తారు.

పదిగంటల వేళకి జోసెఫ్, షెర్లీ వచ్చారు. మౌలాలీ బ్రిడ్జిని అరచేతిలో పెట్టి వాళ్ళకి చూపించాడు. ఏది చలి, ఏది తను, వేలితో గీసి చెప్పాడు. జోసెఫ్‌కి ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమయి కంగారుపడ్డాడు.

"నువ్వు గీకకుండా ఎందుకు వదిలేస్తావన్నా? నీ చేతి పని నాకు తెలవదా?"

మౌలాలీ కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజుని వెనక్కి పిలుస్తున్నాడని తెలుస్తోంది. "మూడు మూలలు గీకా," అన్నాడు మెల్లగా. "నాలుగోదానికి వచ్చేసరికి హారన్. కొడతానే ఉన్నాడు. బస్సులో పసిపిల్ల ఎవురో ఏడుస్తంది. ఇంత ముక్కకి ఏమయిద్దిలే అనుకున్నా. బంక పూసి బిగించా. సరేసు ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఆరాలి. నేను దాన్ని బిగింపులతో సహా బస్సెక్కించా."

"ఆ హారన్ కొట్టించింది నేనే," అన్నాడు జోసెఫ్.

"కొట్టించావు. గీకుడు ఆపింది నేను."

"అదే సాయంత్రం పూట పాడాలని—"

"పాడారుగా. బాగా పాడారంట గదా." ఆయన లేచి, గోడకున్న చెక్క బోర్డు వైపు నడిచాడు. దాని మీద తెల్లరంగుతో 'గిటార్ రిపేరు చేయబడును' అని ఉంటుంది. మేకు మీంచి దాన్ని తీశాడు. గోడ మీద బోర్డు ఉన్న మేర ఇరవై ఏళ్ళ నాటి సున్నం తెల్లగా మిగిలి ఉంది.

షకీలా పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె తిట్టకపోవడం నేను అప్పుడే చూశాను.

"మరి ఇది ఎవురు అతుకుతారు?" అంది షెర్లీ.

ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను లైటు వేసి, రంధ్రంలోకి చూసి పైకి చదివింది. "ఈ అతుకు నాది. లేస్తే నా దగ్గరికే తేండి." తలెత్తింది. "లేచింది. తెచ్చాం. ఇప్పుడు ముట్టనంటే ఎట్టా బాబాయ్?"

"మాటన్నానమ్మా."

"నిన్న అన్నావు. ఇది పదకొండేళ్ళ కింద రాశావు. ఏది ముందు?" ఆ అమ్మాయి మాటలు లాయరులాగా ఉన్నాయి. "గడువు గూడా రాయలేదు. రాసుంటే అయిపోయిందనుకునేవాళ్ళం."

షకీలా పిన్ని నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. రెండేళ్ళు నేను పిచ్చి అని వెక్కిరించిన ఆ లేని గడువు, ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతోంది.

మౌలాలీ బోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బయట ఎండ పసుపు నించి తెల్లగా మారింది. చివరికి బోర్డుని తిరగేసి గోడకి ఆనించి, "సరేసు డబ్బా పొయ్యి మీద పెట్టు షకీలా," అన్నాడు.

ఈసారి నాలుగు మూలలూ గీకాడు. నాలుగోదానికి మిగతా మూడింటికన్నా ఎక్కువ సేపు పట్టింది. బిగింపులు వేసి, మూడు రోజులు ఎవర్నీ దాని దగ్గర గట్టిగా మాట్లాడనివ్వలేదు. నాలుగో రోజు తీగలు ఎక్కించి, ఒక్కొక్కటే మీటి, ఆరిపోయేదాకా విన్నాడు. మిరపఘాటు మాత్రం పోలేదు. అది కొయ్యలో ఉండిపోతుందట.

"చల్లగా పెట్టమాక, వేడిగానూ పెట్టమాక," అని జోసెఫ్‌కి చెప్పాడు. "నువ్వు యాడ పడుకుంటే దాన్ని ఆడ పడుకోబెట్టు. మంచం కింద. సబ్బు డబ్బాకి బొక్కలు పెట్టి, లోపల తడి స్పాంజి ముక్క వేసి, సంచిలో ఉంచు. ఎండాకాలం దానికీ దప్పికవుద్ది. వాయించనప్పుడు తీగలు కొంచెం సడలించు. నిద్రపోయేటప్పుడు నువ్వు బెల్టు వదులు చేసుకోవూ?"

కొత్త చీటీ రాశాడు. పాతదాని పక్కనే అంటించాడు. "ఈ అతుకు నాది. పోయినసారి ఒక మూల నా తప్పు. లేస్తే నా దగ్గరికే తేండి." కింద తేదీ. గడువు లేదు.

వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి బోర్డూ రంగు డబ్బా ఇచ్చాడు. "నీ రాత బాగుండిద్ది. పాతది చెరిపి రాయి. చీటీ ఉన్న గిటార్లు మాత్రమే."

అట్లా ఆయన రెండు మాటలూ నిలబడ్డాయి. కొత్త గిటారు దేన్నీ ముట్టడు. చీటీ ఉంటే కాదనడు. గురజాల నించి, రెంటచింతల నించి, సాగరు వైపు నించి పాత గిటార్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. బాగున్నవి కూడా తెమ్మని కబురుపెట్టాడు. బస్సు హారన్‌లో ఇంకెన్ని మూలలు వదిలేశాడోనని ఆయనకి బెంగ. ప్రతిదాంట్లోకీ షకీలా పిన్ని అద్దం దించి, ఆ ఇంట్లో చాలాసేపు తిరిగి వస్తాడు.

జూన్‌లో నా గిటారు పగిలింది. మా షాపులోనే కొనుక్కున్నది. ముందు చెక్క మీద జానెడు చీలిక. కార్డు నేనే చదువుకున్నాను, నాకు నేనే మర్యాదగా చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం రోడ్డు దాటి దాన్ని ఆయన ముందు పెట్టాను.

టార్చి వేసి చూశాడు. "చీటీ లేదురా."

"రాసి పెట్టు."

"అతకకుండా చీటీ ఎట్టా పెడతా? చీటీ లేకుండా ఎట్టా అతుకుతా?" ఆయనకే నవ్వొచ్చింది. తర్వాత అద్దం నా చేతికిచ్చాడు. "నేను ముట్టను. నువ్వు చెయ్. నేను ఇక్కడ పడుకుని వింటా."

అద్దం దించాను. వాసాలు, దూలాలు, గుండ్రటి కిటికీ. పైకప్పు చీలికలోంచి సన్నటి ఎండగీత నేల మీద పడి ఉంది, అందులో ధూళి నెమ్మదిగా తిరుగుతోంది. ఇన్నాళ్ళూ నేను అమ్మిన పెట్టెల్లో ఇది ఉందని నాకు తెలియదు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టే ఉంది.

ఆ రోజూ, మర్నాడూ ఆయన మంచం మీంచి చెబుతూ ఉంటే చేశాను. సరేసు వేడెక్కువైతే వాసన బట్టి చెప్పాడు. లోపల అడ్డంగా అతికే చిన్న చెక్కబిళ్ళలు వంకరగా పడితే చప్పుడు బట్టి చెప్పాడు. ఆరాక తీగ మీటాను. ఇద్దరం శబ్దం ఆరిపోయేదాకా విన్నాం.

"ఇంక చీటీ రాయి," అన్నాడు, కళ్ళు మూసుకునే.

షకీలా పిన్ని నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. 'ఈ అతుకు నాది' అని రాశాను. అక్కడ పెన్ను ఆగింది. లేస్తే ఎక్కడికి తేవాలి? ఏడాది తిరిగేసరికి ఈ ఊళ్ళో ఉండనని నేను నాలుగేళ్ళుగా అందరికీ చెబుతున్నాను.

బయట రోడ్డు తెల్లగా మండుతోంది. మా షాపు ముందు ఎవరో వచ్చి లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయారు.

"రాశావా?" అన్నాడు మౌలాలీ.

"రాస్తన్నా బాబాయ్," అన్నాను.